రంగు మనది, కుంచె మన చేతికి రావాలె

(బ్యూటీషియన్ పని నేర్చుకున్న దళిత ఆడపిల్లల శిక్షణ ముగింపు సభలో, వాళ్ళ తల్లిదండ్రులు, సంఘం కార్యకర్తల ముందు ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు ముందు మన కార్యకర్తల్లోనే ఒక మాట నడిచింది. "భూమి కోసం కొట్లాడినం, శ్మశానం జాగ కోసం కొట్లాడినం, హాస్టల్ బియ్యం కోసం కొట్లాడినం. ఇప్పుడు పౌడరు డబ్బాల సభ పెట్టుడేంది? ముఖానికి రంగులు పూసుకునుడు ఉన్నోళ్ళ సోకు. మన ఆడపిల్లలకు గా సోకు నేర్పిస్తె ఆత్మగౌరవం వస్తదా?" అని అడిగారు. అడిగిన వాళ్ళు మంచివాళ్ళే, నిజాయితీగానే అడిగారు. కాబట్టి నేను కూడా నిజాయితీగానే జవాబు చెప్తాను.

ముఖానికి రంగు వేయడం సోకు మాత్రమే అయితే, ఈ దేశంలో ఎవరు అలంకరించుకోవాలి, ఎవరు అలంకరించుకోకూడదు అని కులం ఎందుకు కట్టడి చేసింది? ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

అలంకారం మీద కట్టడి

బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన' పుస్తకంలో ఇండోర్ సంస్థానంలోని బలాయీల సంగతి రాశారు. బలాయీలు అంటరాని కులం. 1928 నాటి సంగతి. ఆ జిల్లాలోని పదిహేనుకు పైగా ఊర్ల అగ్రకులాల వాళ్ళు బలాయీలకు హుకుం జారీ చేశారు. జరీ అంచు తలపాగా కట్టొద్దు. రంగు అంచు ధోవతి కట్టొద్దు. ఆడవాళ్ళు బంగారం, వెండి సొమ్ములు పెట్టొద్దు. అందమైన రవికెలు తొడగొద్దు. బలాయీలు మేం ఒప్పుకోం అన్నారు. అంతే, బావుల దగ్గర నీళ్ళు బందు, పశువులకు మేత బందు, పొలాలకు పోయే దారి బందు. ఒక ఆడమనిషి మెడలో సొమ్ము పెట్టుకుంటే ఊరంతా ఎందుకు లేచింది? ఎందుకంటే ఒంటి మీద బట్ట, ముఖం మీద బొట్టు చూసి 'ఇది ఫలానా కులం' అని దూరం నుంచే గుర్తుపట్టాలి. ఆ గుర్తు చెరిగిపోతే వాళ్ళ పెత్తనం ఎక్కడ నిలబడతది?

ఆ కాలంలోనే, 1927 డిసెంబర్‌లో, మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన తర్వాత బాబాసాహెబ్ ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానివాళ్ళని చూడగానే తెలిసిపోయే కట్టు, ఆ మోటు సొమ్ములు వదిలిపెట్టమన్నారు. చీర కట్టు మార్చమన్నారు. శుభ్రంగా ఉండమన్నారు. చెరువు నీళ్ళ కోసం, చట్టం కోసం పోరాడుతున్న మనిషి చీర కట్టు గురించి ఎందుకు మాట్లాడినట్టు? ఆయనకు తెలుసు. మనిషి తన ఒంటిని తను ఎట్లా చూపించుకోవాలో తనే తేల్చుకోవడం కూడా హక్కే.

ఇంకో దిక్కు చూడండి. మన సొమ్ముల మీద, చీర అంచు మీద ఆంక్షలు పెట్టిన దొరలే మన ఆడపిల్లలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు ముడిచి జోగినిని చేశారు. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. అంటే, మనం మన కోసం సింగారించుకుంటే తప్పు. వాళ్ళ కోసం మనల్ని సింగారిస్తే అది దేవుడి సేవ! కాబట్టి అన్నలారా, ఈ రంగుల డబ్బా చిన్న విషయం కాదు. దాని మూత తెరిస్తే లోపల కులం కూడా కనబడతది.

చిందోళ్ళ చేతి విద్య

రెండో సంగతి. ముఖానికి రంగు వేసే విద్య పట్నంలో పుట్టిందని, పార్లర్లతో వచ్చిందని మన పిల్లలు అనుకుంటున్నారు. కాదు బిడ్డా. తెలంగాణలో ఈ విద్య మన వాడల్లో తరతరాలుగా ఉంది. చిందు భాగోతం చూడని పెద్దమనిషి ఇక్కడ ఎవరున్నారు?

చిందోళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. చిందు, డక్కలి, మాష్టీ, బైండ్ల, వీళ్ళంతా మనల్ని నమ్ముకుని, మన కథ మనకు చెప్పి బతికిన కళాకారులు. ఊర్ల మీద వాళ్ళకు మిరాశీ హక్కు ఉండేది. జాంబపురాణం చెప్పి, మన మూలపురుషుడు ఎవరో మనకు గుర్తుచేసింది వాళ్ళే. కూచిపూడిలో ఆడ వేషం కూడా మగవాళ్ళే కట్టిన కాలంలో చిందు మేళంలో మన ఆడవాళ్ళు గజ్జె కట్టి బహిరంగంగా ఆడారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ అట్లాంటి కళాకారిణి. ఆమె 2005లో కన్నుమూసింది. ఎల్లమ్మ వేషం కట్టి ఆమె నిలబడితే చూసిన వాళ్ళు చేతులు జోడించేవారు.

వాళ్ళకు మేకప్‌మ్యాన్ ఉండడు. ఎవరి ముఖానికి వాళ్ళే రంగు వేసుకుంటరు. చేతిలో చిన్న అద్దం. ముందర అర్దళం. అర్దళం అంటే పసుపుపచ్చటి రాయి. దాన్ని మెత్తగా నూరి, తడిపి ముఖమంతా పూస్తరు. దాని మీద కాటుకతో, మసితో కనుబొమ్మలు, మీసాలు దిద్దుతరు. కుంకుమ ఎరుపు, తెలుపు గీతలు పెడతరు. తేలికపాటి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు, వాటికి అద్దం బిళ్ళలు. ఆ రంగు ఉత్తగా పూసింది కాదు, దాని వెనుక లెక్క ఉంది.

ఆ లెక్క చెప్తా వినండి. పాత రోజుల్లో కరెంటు లేదు. దివిటీ వెలుగులో ఆట. దివిటీ వెలుగు పసుపుగా ఉంటది, ఊగుతా ఉంటది. ఆ వెలుగును పట్టుకుని తిరిగి జనం కళ్ళలోకి కొట్టాలంటే ముఖం మీద పసుపు రంగే కావాలి. అర్దళం ఆ పని చేస్తది. వెనుక కూచున్న ముసలామెకు కూడా కన్ను ఎక్కడ, పెదవి ఎక్కడ అని తెలియాలంటే కన్ను చుట్టూ నలుపు గట్టిగా దిద్దాలి. ముఖంలో ఏది ముందుకు రావాలె, ఏది వెనక్కి పోవాలె, ఎక్కడ రంగు పండాలె అన్న ఈ మూడు సంగతులు బడి మొఖం చూడని మన చిందు తల్లికి తెలుసు. ఇవాళ పట్నంలో ఇదే విద్యను కాంటూర్, హైలైట్, బ్లష్ అని పేర్లు పెట్టి ఫీజు కట్టించుకుని నేర్పుతున్నారు.

ఇంకో మాట. ఇదే అర్దళాన్ని కేరళ కథకళిలో మనయోల అంటారు. అక్కడ 1930లోనే కళామండలం కట్టి ఆ వేషానికి గురువులను, పాఠాలను, మర్యాదను ఏర్పాటు చేశారు. మా చిందోళ్ళకు ఏం దక్కింది? తెల్లారేదాకా ఆడి, పొద్దున ఇంటింటికీ తిరిగి గింజలు అడుక్కోవడం దక్కింది. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. ఒక్కరికి బిళ్ళ ఇచ్చి మొత్తం కులం విద్యను మరిచిపోతే మాత్రం లెక్క సరిపోదు. ఈ లెక్క సర్కారును అడిగే ముందు మాదిగలం మనల్ని మనం కూడా అడగాలి. చిందోళ్ళను 'మన మీద బతికేటోళ్ళు' అని చిన్నచూపు చూసింది ఎవరు? పైవాడు మనల్ని చూసినట్టు మనం కిందివాడిని చూస్తే ఇక అంబేద్కర్ బొమ్మకు దండ ఎందుకు?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అర్దళం పాషాణం జాతి రాయి. అందులో ఆర్సెనిక్ ఉంటది, గంధకం ఉంటది. నూరేటప్పుడు లేచే పొడి పీల్చినా, పుండు పడ్డ చర్మానికి తాకినా చెడ్డదే. మన కళాకారుల తరాలు ఆ రంగును ఒంటికి పట్టించుకుని మనకు దేవుళ్ళను చూపించారు. వాళ్ళకు ఇప్పుడు మంచి రంగులు, వైద్య పరీక్షలు సర్కారు ఖర్చుతో అందాలి. ఇది దానం కాదు, బాకీ.

ఎవరి ముఖం, ఎవరి వేషం

మూడో సంగతి. రంగు వేసే చేయి ఎవరిదో, ముఖం ఎవరిదో చూడకుండా రంగు సంగతి అర్థం కాదు. దీనికి అమెరికా నల్లవాళ్ళ చరిత్ర ఒకసారి చూద్దాం. మన దళిత పాంథర్లు 1972లో పేరు పెట్టుకున్నదే అక్కడి బ్లాక్ పాంథర్లను చూసి. వాళ్ళ కథ మనకు పరాయి కథ కాదు.

1830 ప్రాంతంలో అమెరికాలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు కాల్చిన బిరడా మసి ముఖానికి పూసుకుని నల్లవాడి వేషం కట్టాడు. కుంటి నడక, పిచ్చి పాట, జనం నవ్వు. ఆ వేషం పేరు జిమ్ క్రో. తర్వాత కాలంలో నల్లవాళ్ళను బడి నుంచి, బండి నుంచి, హోటల్ నుంచి వేరుచేసిన చట్టాలన్నిటికీ జనం వాడిన పేరు కూడా అదే, జిమ్ క్రో చట్టాలు. ఆలోచించండి. ఒక ముఖం రంగు పేరు ఒక వెలి చట్టం పేరైంది. ఇంకా ఘోరం ఏందంటే, బెర్ట్ విలియమ్స్ అనే గొప్ప నల్ల నటుడు స్టేజీ ఎక్కాలంటే తన నల్లటి ముఖం మీద మళ్ళీ మసి పూసుకోవాల్సి వచ్చింది. అసలు నల్లవాడు కూడా తెల్లవాడు ఊహించిన నల్లవాడిలాగానే కనబడాలన్నమాట.

మన దేశంలో దీనికి తిరగేసిన కథ జరిగింది. కేరళలో పి.కె. రోసీ అనే పులయ కులం అమ్మాయి ఉండేది. కూలి పని చేసుకుంటూ నాటకాలు ఆడేది. 1920ల చివర జె.సి. డానియల్ తీసిన 'విగతకుమారన్' అనే మూగ సినిమాలో ఆమె నాయర్ స్త్రీ వేషం కట్టింది. మలయాళంలో మొదటి కథానాయిక ఆమే. బొమ్మ ఆడిన రోజు అగ్రకులాల వాళ్ళు ఏం చేశారు? అంటరాని పిల్ల మా ఇంటి ఆడదాని వేషం కడుతుందా అని తెర మీద రాళ్ళు వేశారు. ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ప్రాణం దక్కించుకోవడానికి ఆమె తమిళనాడుకు పారిపోయి, పేరు దాచుకుని బతికింది. ఆ తర్వాత ఎన్నడూ సినిమాలో కనబడలేదు. తెల్లవాడు నల్ల రంగు పూసుకుంటే చప్పట్లు. పులయ పిల్ల నాయర్ బొట్టు పెట్టుకుంటే నిప్పు.

మన తెలుగు సంగతి చూద్దాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. ఆ కాలానికి అది ధైర్యం ఉన్న సినిమా, కాదనను. కానీ మాలపిల్ల వేషానికి అందాల తార కాంచనమాల కావాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ళు గడిచాక 2021లో 'పుష్ప' వచ్చింది. కూలివాడి కథ. అందులో హీరోకు, హీరోయిన్‌కు ఒళ్ళు ముదురు రంగు చేసి నటింపజేశారు. నేను నటులను తిట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్న. ఎండలో కమిలిన నల్ల రంగు పెట్టెలో నుంచి తీసి పూసుకుంటే అది నటన, కష్టం, గొప్పతనం. అదే రంగుతో పుట్టిన మన పిల్ల వెళ్ళి వేషం అడిగితే 'కెమెరాకు పనికిరావు' అంటారు. ఇదేం న్యాయం?

మన బడుల్లో కూడా ఇదే జరుగుతున్నది. వార్షికోత్సవం నాటకం అనగానే తెల్లగా ఉన్న పిల్ల సీత, భరతమాత. నల్లగా ఉన్న పిల్ల శూర్పణఖ, లేకుంటే వెనుక చెట్టు. టీచర్లు ఇక్కడ ఉన్నారు, నాతోటి వాళ్ళకే చెప్తున్నా. పాత్రలు పంచేటప్పుడు ముఖం రంగు చూసి పంచకండి. ఆ పిల్ల జీవితమంతా ఆ చెట్టు వేషం మర్చిపోదు.

తెల్లదనం అంగడి

ఇప్పుడు వ్యాపారం దగ్గరికి వస్తా. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము మార్కెట్లోకి వచ్చింది. దాని ప్రకటనలు మనమంతా టీవీలో చూసినవే. నల్ల పిల్లకు ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము రాయగానే అన్నీ వస్తయి. నలభై అయిదేళ్ళు ఆ మాట మన ఇండ్లల్లో నూరిపోశారు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లవాణ్ణి పోలీసులు చంపిన 2020లో ప్రపంచమంతా లేచింది. ఆ ఏడాదే ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. డబ్బా మీద పేరు మారింది. మరి పెళ్ళిచూపుల్లో 'పిల్ల కొంచెం చామనఛాయ' అని కట్నం పెంచే నాలుక మారిందా?

కెమెరా కూడా అంతే. కోడక్ కంపెనీ 1950ల నుంచి ఫోటోలు కడిగే ల్యాబులకు ఒక కార్డు పంపేది. అందులో ఒక తెల్ల స్త్రీ ఫోటో. ఆమె ముఖం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. ఆ కొలతతో నల్లవాళ్ళ ముఖాలు మసక ముద్దలాగా వచ్చేవి. మన పాత పెళ్ళి ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు గుర్తుచేసుకోండి. కొందరి కళ్ళు, పళ్ళు తప్ప ముఖమే కనబడదు. మనం ఏమనుకున్నాం? మన ముఖమే అట్లా ఉందనుకున్నాం. తప్పు మన ముఖంలో లేదు, కొలతలో ఉంది.

ఇక ఆరోగ్యం. ఇది జాగ్రత్తగా వినండి, ఇంటికి పోయి నలుగురికి చెప్పండి. తెల్లబడే క్రీముల్లో రెండు రకాల ప్రమాదం ఉంది.

ఒకటి పాదరసం. అది చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా అడ్డుపడుతుంది, కాబట్టి కొన్నాళ్ళు తెల్లబడినట్టే కనిపిస్తది. తర్వాత కిడ్నీలను తింటది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో వరుసగా వచ్చిన కిడ్నీ జబ్బు కేసులను డాక్టర్లు పరిశీలిస్తే వాళ్ళలో చాలామంది పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు వాడినట్టు తేలింది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ముఖానికి పూసే క్రీముల్లో పాదరసం కలపకూడదు. అయినా దొంగదారిన వస్తూనే ఉన్నయి.

రెండోది స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. చర్మ జబ్బులకు డాక్టర్ రాసే మందును ముఖానికి పూస్తున్నారు. నాలుగు రోజులు నునుపు, తెలుపు. తర్వాత చర్మం పలచబడతది, ఎర్రబడతది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తయి. మానేస్తే మంట పుడుతది, కాబట్టి మానలేరు. ఇట్లాంటి చాలా స్టెరాయిడ్ మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. మన సంత అంగట్లో చీటీ ఎవడు అడుగుతున్నాడు?

గుర్తు ఏందంటే, 'వారంలో తెల్లబడతారు' అన్నది ఏదైనా అనుమానించండి. డబ్బా మీద తయారుచేసిన వాడి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే ముట్టొద్దు.

మన ముఖానికి ఎట్లా వెయ్యాలె

ఇప్పుడు నా బిడ్డలతో మాట్లాడతా. మీరు నేర్చుకున్న పనిని మన వాడకు పనికొచ్చేటట్టు ఎట్లా చెయ్యాలో చెప్తా. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి: లోతు, మెరుపు, రంగు.

ముదురు రంగు వేసిన చోటు లోపలికి పోయినట్టు కనిపిస్తది. లేత రంగు, మెరుపు వేసిన చోటు ముందుకు వస్తది. గోడకు సున్నం వేసే మేస్త్రికి, ముగ్గు వేసే అమ్మకు ఇది తెలిసిందే. దవడ కింద, చెంప ఎముక కింద గుంతలో, నుదుటి అంచున లోతు. చెంప ఎముక పైన, ముక్కు దూలం మీద, కనుబొమ్మ కింద మెరుపు. చెంప మీద, పెదవి మీద రంగు. ఇంతే విద్య. మిగతాదంతా చేతి ఓపిక.

మొదటి నియమం. పునాది రంగు, అంటే ఫౌండేషన్, మెడ రంగుతో కలవాలి. దవడ అంచున చిన్న గీత గీసి వెలుతురులో చూడండి. గీత మాయమైతే అదే మీ రంగు. ముఖం తెల్లగా, మెడ నల్లగా కనబడితే అది మేకప్ కాదు, ముసుగు. పెళ్ళికూతురు తల్లి వచ్చి 'ఇంకా తెల్లగా చెయ్యి' అంటది. అప్పుడు గొడవ పడొద్దు. పక్కన అద్దం పెట్టి రెండు చెంపల మీద రెండు రకాలు చూపించండి. ఆమెకే తెలుస్తది.

రెండో నియమం. నల్లటి చర్మం మీద తెల్ల పొడి చల్లితే బూడిద పూసినట్టు ఉంటది. కెమెరా ఫ్లాషు పడితే జింకు, టైటానియం ఉన్న పొడి ఇంకా తెల్లగా కొడుతది. మెరుపు కోసం వెండి రంగు వద్దు. బంగారు రంగు, రాగి రంగు వాడండి. మన ఒంటి మీద రాగి మెరుపు పొద్దుటి ఎండ లాగ పడతది.

మూడో నియమం. చెంపకు లేత గులాబీ మన మీద సున్నంలా తేలుతది. ఇటుక ఎరుపు, నారింజ, నేరేడు పండు రంగు తీసుకోండి. అవి బాగా పండుతయి.

నాలుగో నియమం. లోతు కోసం చర్మం కంటే రెండు ఛాయలు ముదురు గోధుమ రంగు కావాలి. బూడిద రంగు పనికిరాదు. ఇక్కడే చిక్కు. అంగట్లో మన రంగుకంటే ముదురు ఛాయ దొరకదు. మన రంగునే ఆఖరి గడిగా పెట్టుకుని, దాని తర్వాత మనుషులు లేనట్టు డబ్బాలు తయారుచేశారు. 2017లో రిహన్నా అనే నల్లజాతి గాయని ఒకేసారి 40 ఛాయల్లో ఫౌండేషన్ తెచ్చింది. ముదురు ఛాయలు చాలా అంగళ్ళలో వెంటనే అమ్ముడైపోయినయి. అప్పుడు గాని మిగతా కంపెనీలకు కళ్ళు తెరుచుకోలేదు. అంతకు వందేళ్ళ ముందే అక్కడ మేడమ్ సి.జె. వాకర్ ఉంది. ఆమె తల్లిదండ్రులు బానిసలు. ఆమె చాకలి పని చేసి బతికింది. నల్ల స్త్రీల జుట్టు కోసం సామాన్లు తయారుచేసి, వేల మంది నల్ల స్త్రీలకు అమ్మకం పని నేర్పి, వాళ్ళ కాళ్ళ మీద నిలబెట్టింది. కాబట్టి అంగట్లో అడగండి, పదే పదే అడగండి. దొరికినదాకా రెండు ఛాయలు కలిపి మీ రంగు మీరే తయారు చేసుకోండి. చిందు తల్లి రాయి నూరుకున్నట్టే.

ఐదో నియమం. ఒకరి కుంచె ఇంకొకరికి కడగకుండా వాడొద్దు. కాటుక, పెదవి రంగు అసలే వద్దు. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. దురద వస్తే ముఖానికి పెట్టొద్దు.

పని, కూలి, మర్యాద

పని నేర్చుకుంటే సరిపోదు, పని చేసే హక్కు కూడా కొట్లాడి తెచ్చుకోవాలె. బొంబాయి సినిమా పరిశ్రమలో మేకప్ చేసేవాళ్ళ సంఘం దశాబ్దాల పాటు ఆడవాళ్ళకు మేకప్ ఆర్టిస్టు కార్డు ఇవ్వలేదు. ఆడవాళ్ళు జుట్టు దువ్వాలి, ముఖానికి రంగు మగవాడే వెయ్యాలి అన్నారు. చారు ఖురానా అనే ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. 2014 నవంబర్‌లో ఆ నిబంధన చెల్లదని కోర్టు కొట్టేసింది. చదువు, సర్టిఫికెట్ ఉన్న ఆమెకే అంత పోరాటం పట్టింది. ఆడతనంతో పాటు కులం కూడా మోస్తున్న మన పిల్లలకు ఎంత పోరాటం పట్టాలి?

ఒకప్పుడు జుట్టు ముట్టే పని, కాళ్ళు ముట్టే పని కింది కులాల పని అని నవ్వారు. ఇప్పుడు అదే పనిలో డబ్బు వచ్చేసరికి అందరూ అద్దాల గదులు కట్టుకుని వస్తున్నారు. వాళ్ళు ఓనర్లు. మన పిల్లలు వాళ్ళ దగ్గర నెల జీతానికి కాళ్ళు పట్టే వాళ్ళు. ఇట్లా కావద్దు. అందుకే ఈ సభలో ఐదు మాటలు మీ ముందు పెడుతున్నా.

ఒకటి, మన పిల్లలు పార్లర్‌లో పనికి కుదిరితే పని గంటలు, జీతం కాగితం మీద రాయించుకోవాలి. సంఘం వెంట ఉండాలి.

రెండు, నలుగురైదుగురు కలిసి సొంతంగా పెట్టుకోవాలి. పొదుపు సంఘం అప్పు, ఎస్.సి. కార్పొరేషన్ రుణం ఇట్లాంటి వాటికే అడగాలి.

మూడు, మన పిల్లల చేతిలో తెల్లబడే క్రీము ఉండకూడదు. గిరాకీ పోయినా సరే. మన అక్కచెల్లెళ్ళ కిడ్నీలు అమ్మి వచ్చే గిరాకీ మనకెందుకు?

నాలుగు, చిందు మేళాల పెద్దలను ఈ శిక్షణకు గురువులుగా పిలవాలి. కూలి ఇచ్చి, కుర్చీ వేసి పిలవాలి.

ఐదు, బడుల్లో నాటకాల వేషాలు ముఖం రంగు చూసి పంచడం ఆగాలి. ఎస్.సి. హాస్టళ్ళ వార్డెన్లకు, హెడ్‌మాస్టర్లకు ఈ మాట మన సంఘం తరఫున రాసి ఇద్దాం.

మొదట అడిగిన అన్నకు ఇప్పుడు జవాబు చెప్తా. అన్నా, భూమి దక్కాలె, శ్మశానం దక్కాలె, వాటి కోసం ఈ పిల్లలు రేపు జెండా పట్టుకుని నీ ముందే నడుస్తారు. నడిచేటప్పుడు వాళ్ళు ముఖం దించుకుని నడవకూడదు. 'నేను నల్లగా ఉన్నా' అని ఫోటోలో వెనక్కి జరిగే పిల్ల మీటింగులో మైకు ముందుకు ఎట్లా వస్తది? ముఖం ఎత్తడం నేర్పేది ఏదైనా ఉద్యమం పనే. దానితో పాటు ఇంట్లో నాలుగు రూపాయలు వస్తే, మొగుడి దెబ్బకు, దొర దయకు తల వంచాల్సిన అవసరం తగ్గుతది.

బిడ్డలారా, సర్టిఫికెట్లు తీసుకున్నారు కదా. వచ్చే నెల నుంచి పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఉన్నయి. మొదటి గిరాకీ మన వాడలోనే దొరుకుతది. డబ్బులు తక్కువ ఇస్తరు, బేరం ఆడతరు. మన వాళ్ళే కదా, సర్దుకోండి. కానీ మన పిల్ల ముఖానికి మన పిల్ల రంగే వెయ్యండి.

జై భీమ్! జై జాంబవ!